పాటలో ఉన్నాడు, బ్యాండులో లేడు

రాక్ సంగీతం అనగానే మనకి ముందు గిటారు గుర్తొస్తుంది. ఆ తర్వాత మైకు పట్టుకుని గొంతు చించుకునే గాయకుడు, వెనకాల చెమటలు కక్కుతూ డ్రమ్స్ వాయించేవాడు. కీబోర్డ్ వాయించేవాడు మాత్రం స్టేజీ మీద ఓ మూలన ఉంటాడు. ఫొటో తీస్తే సగం కట్ అయిపోతాడు. ఈ సంచికకి సంగీతం మీద పాఠంలాంటి వ్యాసం ఒకటి రాయమని క్లబ్బు మిత్రులు అడిగినప్పుడు, ఆ మూలన కూర్చున్నవాడి గురించే రాయాలనిపించింది. హాస్టల్లో సాయంత్రాలు కీబోర్డ్ ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు ఆ మూల మీద కాస్త మమకారం ఎక్కువ.

నేను ఎంచుకున్న మనిషి పేరు నికీ హాప్కిన్స్. ఇంగ్లండువాడు. ఈ పేరు మీరు వినకపోవచ్చు, కానీ అతని పియానో మాత్రం వినే ఉంటారు. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, ద హూ, కింక్స్ - 1960ల బ్రిటిష్ రాక్‌లో ఈ నాలుగూ నాలుగు స్తంభాలు అనుకుంటే, ఆ నాలుగింటి రికార్డుల్లోనూ వాయించినవాడు అతను. వాటిలో ఒక్క బ్యాండులో కూడా సభ్యుడు కాడు. ఇదెలా సాధ్యం? దీనివల్ల అతనికి దక్కిందేమిటి, దక్కనిదేమిటి? ఈ రెండు ప్రశ్నలే ఈ పాఠం.

సెషన్ మ్యూజిషియన్ అంటే

ముందు మాట అర్థం చూద్దాం. ఒక పాట రికార్డింగు కోసం ఫలానా రోజు, ఫలానా గంటలకి పిలిస్తే వచ్చి, తన వాద్యం వాయించి, ఆ పూట డబ్బు తీసుకుని వెళ్ళిపోయే కళాకారుణ్ణి సెషన్ మ్యూజిషియన్ అంటారు. మన సినిమా భాషలో చెప్పాలంటే కాల్షీట్ మీద పనిచేసే వాద్యకారుడు. లండన్‌లో ఆ రోజుల్లో మామూలుగా ఒక సెషన్ అంటే మూడు గంటలు. ఎంత ఇవ్వాలో సంగీతకారుల యూనియన్ ఒక రేటు పెట్టి ఉంచేది. పాట హిట్టయినా ఫట్టయినా ఆ రేటు మారదు.

ఈ పనికి కావలసిన గుణాలు వేరు. స్టేజీ కళాకారుడు ఒక పాటని నెలల తరబడి సాధన చేస్తాడు. సెషన్ వాద్యకారుడు అదే పాటని అప్పుడే మొదటిసారి వింటాడు. కొన్నిసార్లు చేతికి నొటేషన్ కాగితం ఇస్తారు, కొన్నిసార్లు "ఇదీ ట్యూను, ఏదైనా వాయించు" అంటారు. గడియారం తిరుగుతూ ఉంటుంది, స్టూడియో అద్దె పెరుగుతూ ఉంటుంది. ఆ కాసేపట్లోనే పాటకి ఏం తక్కువైందో పట్టుకోవాలి, అది వాయించాలి. అంతకంటే ఎక్కువ వాయించకూడదు కూడా!

అప్పటి సాంకేతిక పరిస్థితి కూడా తెలిస్తే ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. ఇవాళ లాప్‌టాప్‌లో వంద ట్రాకులు పెట్టుకోవచ్చు, నచ్చకపోతే చెరిపేసుకోవచ్చు. 1960ల మధ్యలో లండన్ స్టూడియోల్లో ఎక్కువగా ఉన్నవి నాలుగు ట్రాకుల టేపు యంత్రాలు. నాలుగూ నిండాక చోటు కావాలంటే, వాటన్నిటినీ కలిపి ఇంకో టేపులో ఒకటి రెండు ట్రాకుల్లోకి దించాలి. అలా దించిన ప్రతిసారీ టేపు రొద కొంచెం పెరుగుతుంది. ఒకసారి కలిపేశాక విడదీయడం కుదరదు. కాబట్టి వాయించేవాడు త్వరగా వాయించాలి, సరిగ్గా వాయించాలి.

పెరివేల్ కుర్రాడు

నికీ హాప్కిన్స్ 1944 ఫిబ్రవరి 24న లండన్ పడమటి అంచున ఉన్న పెరివేల్‌లో పుట్టాడు. మూడేళ్ళ వయసులోనే పియానో మెట్లు నొక్కడం మొదలుపెట్టాడు. పెద్దయ్యాక స్కాలర్‌షిప్ మీద రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరాడు. అక్కడ నేర్పేది శాస్త్రీయ సంగీతం. ఇంట్లోవాళ్ళు కోరుకునే దారి అది. కానీ పదహారేళ్ళకే, 1960లో, చదువు వదిలేసి స్క్రీమింగ్ లార్డ్ సచ్ అనే గాయకుడి బృందంలో చేరిపోయాడు. ఈ సచ్ గారు శవపేటికలోంచి లేచి వచ్చి పాటలు పాడే రకం! అకాడమీ నుంచి అక్కడికి దూకడమంటే త్యాగరాయ గానసభ నుంచి తిరునాళ్ళలో రికార్డింగ్ డ్యాన్సు దగ్గరికి వెళ్ళినట్టే.

1962లో అతను సిరిల్ డేవిస్ అనే హార్మోనికా విద్వాంసుడి బృందంలోకి మారాడు. అమెరికా నల్లజాతి వారి బ్లూస్ సంగీతాన్ని లండన్ కుర్రాళ్ళు ఆకలిగా నేర్చుకుంటున్న రోజులవి. ఈ బృందం 1963లో విడుదల చేసిన 'కంట్రీ లైన్ స్పెషల్' అనే రికార్డులో హాప్కిన్స్ పియానో ఉంది. హార్మోనికా రైలింజన్‌లా పరిగెడుతుంటే, పియానో పట్టాల మీద చక్రాల్లా దానికింద దొర్లుతూ ఉంటుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడి వాయింపు అది. వెనకాల శాస్త్రీయ శిక్షణ ఉంది, ముందు బ్లూస్ ఉంది. ఈ రెండూ ఒకే జత చేతుల్లో కలవడం ఆ రోజుల్లో అరుదు. అతని గిరాకీకి అసలు కారణం అదే.

మంచం మీద పంతొమ్మిది నెలలు

సరిగ్గా అప్పుడే ఒంట్లో బాగాలేకుండా పోయింది. హాప్కిన్స్‌కి క్రోన్స్ వ్యాధి ఉండేది. పేగుల్లో ఎడతెగని వాపు వచ్చే జబ్బు ఇది. కడుపునొప్పి, విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం దీని లక్షణాలు. మనిషి చిక్కి శల్యమైపోతాడు. 1963 మే నెలలో బృందం వదిలి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకోవలసి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చి తప్పింది. పంతొమ్మిది నెలలు మంచం దిగలేదు. ఆ మధ్యలోనే, 1964 జనవరిలో, సిరిల్ డేవిస్ చనిపోయాడు. లేచి వెళ్ళేసరికి తిరిగి చేరడానికి బృందమే లేదు.

ఈ పంతొమ్మిది నెలల్లో బయట ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బీటిల్స్ అమెరికాని జయించారు. రోలింగ్ స్టోన్స్ పైకొచ్చారు. బ్రిటిష్ బ్యాండులకి ప్రపంచమంతా తలుపులు తెరుచుకున్నాయి. ఆ బస్సు హాప్కిన్స్‌కి తప్పిపోయింది. ఊరూరా తిరిగి, వేళకి తిండి లేక, వ్యాన్లలో పడుకుని కచేరీలు చేసే జీవితానికి ఆ శరీరం సహకరించదు. స్టూడియో అయితే పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చు. అంటే అతను సెషన్ మ్యూజిషియన్ కావడం కెరీర్ ప్లానింగ్ ఏమీ కాదు. ఒక జబ్బు మిగిల్చిన దారి అది. ఆ దారిలోనే అతను ఎవ్వరూ నడవనంత దూరం నడిచాడు.

1965 నుంచి నిర్మాత షెల్ టాల్మీ అతన్ని తరచుగా పిలిచేవాడు. ద హూ మొదటి ఆల్బమ్ 'మై జనరేషన్'లోనూ, కింక్స్ ఆల్బమ్‌ల్లోనూ పియానో అలా చేరింది. రోలింగ్ స్టోన్స్‌తో పరిచయం 1967లో గట్టిపడింది. స్టోన్స్‌కి అంతకుముందే ఇయన్ స్టూవర్ట్ అనే పియానో వాద్యకారుడు ఉన్నాడు. నిజానికి ఆ బ్యాండు స్థాపకుల్లో ఒకడు. కానీ 1963లో మేనేజరు అతని రూపం బ్యాండుకి నప్పదని సభ్యుల జాబితాలోంచి తీసేశాడు. అయినా అతను అలగకుండా సామాను మోస్తూ, నచ్చిన పాటలకి పియానో వాయిస్తూ చనిపోయేదాకా వాళ్ళతోనే ఉన్నాడు. మైనర్ కార్డులంటే అతనికి గిట్టేది కాదు, అవి ఉన్న పాటలు వాయించేవాడు కాదు. ఆ ఖాళీల్లోకి హాప్కిన్స్ వచ్చాడు.

ఐదు పాటలు, వినే పద్ధతి

ఇక్కడ కాసేపు చదవడం ఆపి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ పాఠం వంటబట్టదు. పాటల వరుస ఇది.

మొదటిది, రోలింగ్ స్టోన్స్ 1967లో చేసిన 'షీ ఈజ్ ఎ రెయిన్‌బో'. పాట మొదట్లో గోలగోలగా ఏవో కేకలు, తర్వాత చిన్న గంటలు మోగినట్టు పియానో. మోజార్ట్ కాలం నుంచి దారి తప్పి వచ్చినట్టుండే ఆ పలుకు పాట పొడుగునా మళ్ళీ మళ్ళీ వస్తుంది. వయొలిన్ల అమరిక చేసింది జాన్ పాల్ జోన్స్, తర్వాత లెడ్ జెపెలిన్‌లో చేరిన అతనే. పియానో తీసేసి ఈ పాటని ఊహించుకోండి చూద్దాం. పాట మొహం గుర్తుపట్టలేం.

రెండోది, 1968లో వచ్చిన 'సింపతీ ఫర్ ద డెవిల్'. లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో ఈ పాట తయారవుతుంటే ఫ్రెంచి దర్శకుడు గొడార్డ్ కెమెరా పెట్టి చిత్రీకరించాడు. 'వన్ ప్లస్ వన్' అనే ఆ సినిమా చూస్తే, నిదానంగా నడిచే జానపద బాణీ ఒకటి రోజుల తరబడి రూపాలు మార్చుకుని, సాంబా నడకలోకి రావడం కళ్ళారా కనిపిస్తుంది. తుది రూపంలో గిటారు సోలో వచ్చేదాకా పాటని మోసేది తాళవాద్యాలూ, పియానో. మొదటి చరణంలో పియానో మర్యాదగా అడుగు పెడుతుంది. చరణం మారే కొద్దీ చేయి బరువెక్కుతుంది. గొంతు రెచ్చిపోతున్నట్టు మనకి అనిపించడంలో సగం పాలు ఆ ఎడమచేతిదే.

మూడోది, బీటిల్స్ 'రెవల్యూషన్'. సింగిల్‌గా వచ్చిన వేగం రూపమే వినండి, ఆల్బమ్‌లోని నిదానం రూపం వద్దు. గిటార్లని యాంప్లిఫయర్ లేకుండా నేరుగా రికార్డింగు బల్లకి కలిపి, దాని సామర్థ్యానికి మించి సిగ్నల్ పంపించి ఆ బొంగురు ధ్వని రాబట్టారు. మన భాషలో చెప్పాలంటే కావాలని చేసిన క్లిప్పింగ్. ఆ రంపపు మోత మధ్యలోకి 1968 జూలై 11న హాప్కిన్స్ వచ్చి ఎలక్ట్రిక్ పియానో చేర్చాడు. మధ్యలో కొన్ని సెకన్లు, చివర్లో కొన్ని సెకన్లు. అంతే. అంత గొడవలో కూడా ప్రతి స్వరమూ వేరుగా వినిపిస్తుంది.

నాలుగోది, జాన్ లెనన్ 1971లో రికార్డు చేసిన 'జెలస్ గై'. ఈ బాణీకి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. 1968లో బీటిల్స్ రుషీకేశ్‌లో ఉన్నప్పుడు విన్న ఒక ప్రసంగం ప్రేరణతో లెనన్ దీన్ని వేరే మాటలతో 'చైల్డ్ ఆఫ్ నేచర్'గా కట్టాడు. తర్వాత మాటలు మార్చి ఇలా చేశాడు. లెనన్‌కి పియానో రాక కాదు. అదే ఆల్బమ్‌లో 'ఇమాజిన్' పాటకి పియానో తనే వాయించాడు. అయినా ఈ పాటకి హాప్కిన్స్‌ని కూర్చోబెట్టాడు. క్షమాపణ అడిగే పాట ఇది. అడిగేవాడి పక్కన నిలబడ్డ స్నేహితుడిలా ఉంటుంది పియానో. మధ్యలో మాట్లాడదు, పక్కనుంచి కదలదు.

ఐదోది, జో కాకర్ 1974లో పాడిన 'యు ఆర్ సో బ్యూటిఫుల్'. విచిత్రం ఏమిటంటే ఈ పాట రాసినవారిలో ఒకడు బిలీ ప్రెస్టన్, అతనూ గొప్ప కీబోర్డ్ వాద్యకారుడే. ఇక్కడ హాప్కిన్స్ వాయించినదానికంటే వాయించకుండా వదిలినది ముఖ్యం. కాకర్ గొంతు చివరి స్వరం దగ్గర చిట్లిపోతుంది. ఆ చిట్లడం వినపడాలంటే కింద ఎవరో ఒకరు ఖాళీ ఉంచాలి కదా.

పియానో ఎక్కడ కూర్చోవాలి

మనం ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి దీన్ని కొంచెం లెక్కల్లో చూద్దాం. పియానోకి 88 మెట్లు. అన్నిటికంటే కింది మెట్టు 27.5 హెర్ట్జ్, అన్నిటికంటే పైది సుమారు 4186 హెర్ట్జ్. బేస్ గిటారు కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, మామూలు గిటారు కింది తీగ 82 దగ్గర. గిటారు కార్డుల మూల స్వరాలు ఎక్కువగా 80 నుంచి 700 హెర్ట్జ్ మధ్య కిక్కిరిసి ఉంటాయి. గాయకుడి గొంతు కూడా చాలావరకు ఆ పేటలోనే కాపురం ఉంటుంది.

ఇప్పుడు పియానో వాద్యకారుడు రెండు చేతులతో పియానో నడిమి భాగంలో కార్డులు బాదాడనుకోండి. గిటారుతో ఢీకొంటాడు, గొంతుని కప్పేస్తాడు, చివరికి మిక్సింగ్ చేసే ఇంజినీరు పియానోనే తగ్గించేస్తాడు. ఎడమచేత్తో కింద గట్టిగా వాయిస్తే బేస్ గిటారుతో తగవు. హాప్కిన్స్ రికార్డులు వరసగా వింటుంటే నాకు తెలిసొచ్చింది ఇదీ: రాక్ పాటల్లో అతని కుడిచెయ్యి ఎక్కువగా తార స్థాయిలో తిరుగుతుంది. గిటార్లు చేరని చోట, చిన్న చిన్న పలుకులుగా, గాయకుడు ఊపిరి పీల్చుకునే సందుల్లో. ఒకే ఛానెల్‌ని నలుగురు పంచుకోవాలంటే ఫ్రీక్వెన్సీలోనైనా విడిపోవాలి, కాలంలోనైనా విడిపోవాలి అని మనం కమ్యూనికేషన్ పేపర్లో చదువుకుంటాం. అతను ఆ రెండూ చెవితో చేసేశాడు.

బ్యాండులో చేరాక

అతను ఎప్పుడూ బ్యాండులో లేడని కాదు. 1968-69లో జెఫ్ బెక్ బృందంలో సభ్యుడయ్యాడు. వాళ్ళ 'బెక్-ఓలా' ఆల్బమ్‌లో 'గర్ల్ ఫ్రమ్ మిల్ వ్యాలీ' అనే వాద్యరచన పూర్తిగా అతనిదే. అక్కడినుంచి బయటికొచ్చి కాలిఫోర్నియా చేరాడు. 1969 ఆగస్టు 17 ఉదయం వుడ్‌స్టాక్ ఉత్సవంలో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్‌తో కలిసి వాయించాడు. తర్వాత క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండులో చేరాడు. 1971, 1972 సంవత్సరాల్లోనూ, 1973 మొదట్లోనూ స్టోన్స్‌తో పర్యటనలకి వెళ్ళాడు. వాళ్ళ 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' రికార్డింగు కోసం దక్షిణ ఫ్రాన్సులో అద్దెకి తీసుకున్న భవంతికీ వెళ్ళాడు. కానీ పర్యటనల జీవితం ఆ శరీరానికి ప్రతిసారీ భారమే అయ్యేది.

1973లో సొంతంగా 'ద టిన్ మ్యాన్ వాజ్ ఎ డ్రీమర్' అనే ఆల్బమ్ తెచ్చాడు. తనే పాడాడు కూడా. జార్జ్ హారిసన్ వచ్చి గిటారు వాయించాడు, కానీ కవరు మీద మారుపేరు వేసుకున్నాడు. ఎంత తమాషా చూడండి: ప్రపంచమంతా ఎరిగినవాడు పేరు దాచుకున్నాడు, ఎవరూ ఎరగనివాడు పేరు కోసం తాపత్రయపడ్డాడు. ఆ ఆల్బమ్ హాప్కిన్స్‌ని స్టార్‌ని చేయలేదు. బీటిల్స్ విడిపోయాక నలుగురూ విడివిడిగా చేసిన రికార్డుల్లో మాత్రం, నలుగురి దగ్గరా, అతని పియానో ఉంది.

పేరు, డబ్బు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక రికార్డుకి రెండు రకాల హక్కులుంటాయి. ఒకటి రచన మీద, అంటే బాణీ, సాహిత్యం. రెండోది ఆ ధ్వనిముద్రణ మీద. రచయితగా పేరున్నవాళ్ళకి పాట ఎక్కడ మోగినా ఏళ్ళ తరబడి రాయల్టీ వస్తుంది. సెషన్ వాద్యకారుడికి ఆ పూట ఫీజు వస్తుంది, అక్కడితో సరి. 'షీ ఈజ్ ఎ రెయిన్‌బో' రచయితలుగా ఉన్న పేర్లు జాగర్, రిచర్డ్స్. ఆ పియానో పలుకు ఎవరి వేళ్ళ కింద పుట్టిందో లేబుల్ మీద ఉండదు.

అయితే ఎప్పుడూ ఇలాగే జరిగిందా అంటే లేదు. ద హూ మొదటి ఆల్బమ్‌లో 'ద ఆక్స్' అనే వాద్యరచన ఉంది. దాని రచయితల్లో బ్యాండు సభ్యులు ముగ్గురితోపాటు హాప్కిన్స్ పేరు కూడా వేశారు. 1969లో 'గెట్ బ్యాక్' సింగిల్ మీద బీటిల్స్ తమ పేరు పక్కన బిలీ ప్రెస్టన్ పేరు అచ్చేశారు. అంతకు ఏడాది ముందు 'రెవల్యూషన్' లేబుల్ మీద హాప్కిన్స్ పేరు లేదు. అంటే పేరు వేయడం అసాధ్యమేమీ కాదు. వేసేవాళ్ళ మనసు మీద ఆధారపడి ఉండేది. కింక్స్ వాళ్ళయితే 1966లో 'సెషన్ మ్యాన్' అని ఏకంగా పాటే కట్టారు. హాప్కిన్స్‌ని చూసి రాసినదేనని చాలామంది చెబుతారు. అద్దె వాద్యకారుడి మీద విసుర్లున్న ఆ పాటకి మొదట్లో వచ్చే హార్ప్సికార్డ్ వాయించింది మళ్ళీ అతనే!

వాయించడం ఎక్కడ ఆగి రచన ఎక్కడ మొదలవుతుంది? దీనికి కోర్టు జవాబు చెప్పిన సందర్భం ఒకటుంది. ప్రోకోల్ హారమ్ అనే బ్యాండు 1967లో 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' అనే పాట తెచ్చింది. అందులో మొదట వినిపించే ఆర్గన్ వాద్యం ఆ పాటకే గుర్తింపు చిహ్నం. వాయించిన మాథ్యూ ఫిషర్‌కి రచయితగా పేరు లేదు. 38 ఏళ్ళ తర్వాత, 2005లో అతను దావా వేశాడు. ఇంత ఆలస్యంగానా అని అవతలివాళ్ళ వాదన. కేసు మెట్టు మెట్టుగా పైకి పోయింది. చివరికి 2009లో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం హౌస్ ఆఫ్ లార్డ్స్ ఫిషర్ పక్షాన తీర్పిచ్చింది. బాణీ మీది హక్కులో 40 శాతం వాటా, దావా వేసిన నాటినుంచి. వెనకటి 38 ఏళ్ళ డబ్బు రాదు. ఫిషర్ బ్యాండు సభ్యుడు, పైగా అప్పటికి బతికి ఉన్నాడు. హాప్కిన్స్‌కి ఈ రెండూ లేవు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రదర్శకుడు ఎవరో నిర్వచిస్తూ నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితోపాటు గారడీవాణ్ణీ, పాములవాణ్ణీ కూడా చేర్చింది. 2012 సవరణ తర్వాత ప్రదర్శకుడికి వ్యాపార వినియోగంలో రాయల్టీ హక్కూ, తన ప్రదర్శనకి తన పేరు చెప్పుకునే నైతిక హక్కూ వచ్చాయి. కాగితం మీద ఇది పెద్ద అడుగే. ఆచరణలో మాత్రం, ఒక తెలుగు పాట యూట్యూబ్‌లో పెట్టినప్పుడు కింద వేణువు ఎవరు, వీణ ఎవరు అని రాసి ఉంటే ఎంతమందిమి చదువుతాం?

ఇంకో సంగతి. ఎ.ఆర్. రెహమాన్ 'రోజా'కి ముందు ఏళ్ళ తరబడి మద్రాసు స్టూడియోల్లో కీబోర్డ్ వాయించిన సెషన్ వాద్యకారుడే. మన రాజ్-కోటి దగ్గర కూడా పనిచేశాడు. మరోపక్క మద్రాసు కుర్రాళ్ళతో రాక్ బ్యాండుల్లోనూ వాయించాడు. సెషన్ గది అతనికి గురుకులం అయింది. హాప్కిన్స్‌కి అదే గది కర్మక్షేత్రం అయింది. ప్రతిభ ఒక్కటే దీన్ని తేల్చదు. ఆరోగ్యం, అవకాశం, పాట సొంతంగా కట్టి తన పేరు పెట్టుకునే తెగువ - ఇవన్నీ కలిసి తేలుస్తాయి.

చివరి అంకం

డెబ్బైల్లో హాప్కిన్స్ మద్యం, మత్తుమందుల ఉచ్చులో పడ్డాడు. తర్వాత దాన్నుంచి బయటపడి మళ్ళీ పనిలోకి వచ్చాడు. 1989లో పాల్ మెకార్ట్‌నీ ఆల్బమ్ 'ఫ్లవర్స్ ఇన్ ద డర్ట్'లో వాయించాడు. కానీ పేగుల జబ్బు వదల్లేదు. 1994 సెప్టెంబరు 6న అమెరికాలోని నాష్‌విల్‌లో, ఆపరేషన్ తర్వాత వచ్చిన చిక్కులతో కన్నుమూశాడు. వయసు 50. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సంగీత ప్రావీణ్య పురస్కారంతో అతన్ని తన జాబితాలో చేర్చుకుంది. పోయిన 31 ఏళ్ళకి.

ఈ ఆలస్యం చూసి అతని జీవితం వృథా అయిందని నేను అనుకోవడం లేదు. ఆ పాటల్లో పియానో వింటుంటే, అప్పగించిన పని ఏదో అయిందనిపించి వెళ్ళిపోయిన మనిషిలా లేడు. ప్రతి పాటనీ తన పాటే అన్నట్టు వాయించాడు. అలాగని పేరు వేయనివాళ్ళని దానితో క్షమించేయలేం. మంచి పనివాడు పేరు అడగడులే అనుకోవడం మనకి సౌకర్యంగా ఉంటుంది, అతనికి ఉండదు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంచుకోవాలి: పని చేసేటప్పుడు హాప్కిన్స్‌లా చేయాలి, పేర్లు రాసేటప్పుడు ద హూ వాళ్ళలా రాయాలి.

మన కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఒక హాప్కిన్స్ ఉంటాడు. ప్రజెంటేషన్ ఇచ్చేది ఒకరు, స్టేజీ ఎక్కేది ఒకరు, రాత్రి రెండింటికి సర్క్యూట్లో తప్పు పట్టుకుని సరిచేసేది ఇంకొకరు. ఫెస్ట్ వీడియోలో ఎడిటింగ్ చేసినవాళ్ళ పేరు, నాటకంలో లైట్లు వేసినవాళ్ళ పేరు, ఈ పత్రికలో అచ్చుతప్పులు దిద్దినవాళ్ళ పేరు చివరి పేజీలో ఉంటాయి. ఈసారి చదవండి.

పాఠం అన్నాను కాబట్టి ఒక అభ్యాసం కూడా ఇస్తాను. మీకు బాగా ఇష్టమైన తెలుగు పాట ఒకటి తీసుకోండి. ఐదుసార్లు వినండి. ప్రతిసారీ గాయకుణ్ణి పక్కనపెట్టి ఒక్కో వాద్యం వెంటే నడవండి. ఏ వాద్యం తీసేస్తే పాట పాటలా ఉండదో కనిపెట్టండి. తర్వాత అది వాయించింది ఎవరో వెతకండి. దొరికితే ఆ పేరు, దొరక్కపోతే ఆ పాట పేరు, క్లబ్బు వచ్చే సమావేశానికి రాసుకుని తీసుకురండి. దొరికిన పేర్లతో వచ్చే సంచికలో ఒక పేజీ నింపుదాం.